గానుగ నూనె ముక్కిపోకుండా ఏం కలపాలి? ఓమ, కరివేపాకు, లవంగం, నువ్వులు, రోజ్‌మేరీ: ఏది ఎవరికి

యాసంగి పల్లి చేతికొచ్చేది సరిగ్గా ఎండలు ముదిరే ముందు. వరంగల్, జనగామ, ములుగు వైపు ఇంటి పల్లీలను గానుగ పట్టించి నెలల తరబడి సరిపడా నూనె తెచ్చిపెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పంట లేనివాళ్లు కూడా ఈమధ్య కట్టె గానుగ దగ్గర ఐదు, పది లీటర్ల డబ్బా ఒకేసారి కొంటున్నారు. ఆ డబ్బా ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండలకు వంటింట్లో ఒక మూలన ఉంటుంది. వానలు మొదలయ్యేసరికి మూత తీస్తే ముక్క వాసన.

ఇక సలహాలకు కొదవ ఉండదు. ఒకరు కరివేపాకు వేయమంటారు, ఒకరు లవంగాలు, ఇంకొకరు ఫోన్‌లో చూసి రోజ్‌మేరీ అంటారు. వీటిలో నిజంగా పనిచేసేవి ఉన్నాయి, పని చేయనివి ఉన్నాయి, ఒకటైతే ప్రాణం మీదకు తెచ్చేది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మామూలు ఇంటికి మొదటి ఎంపిక ఏ ఆకూ కాదు, కాస్త నువ్వుల నూనె. రెండోది ఎండిన ఓమ లేదా కరకరలాడే దాకా వేగిన కరివేపాకు. రోజ్‌మేరీ సారం అన్నిటికన్నా గట్టిది, కానీ అది నూనె అమ్మేవాళ్లకు, ఎక్కువ నిల్వ పెట్టేవాళ్లకు. ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే నూనె ఎలా పాడవుతుందో కొంచెం చూడాలి.

అన్ని నూనెలూ ఒకేలా ముక్కిపోవు

గాలిలోని ఆక్సిజన్ నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి ముందు పెరాక్సైడ్లుగా మారుతుంది. వాటికి వాసన ఉండదు. అవి విరిగి ఆల్డిహైడ్లు అయ్యాకే మన ముక్కుకు తెలుస్తుంది. అంటే వాసన వచ్చేసరికే పని చాలా దూరం పోయి ఉంటుంది. వేడి పెరిగితే ఈ పని జోరందుకుంటుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని లెక్క. వెలుగు, తేమ తోడైతే ఇంకా త్వరగా పాడవుతుంది. రాగి, ఇనుము అయితే నూనెలో కాస్తంత దిగినా చాలు, ఇదే పనిని ఎగదోస్తాయి.

ఏ నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎక్కువో దాన్ని బట్టి ఓపిక ఉంటుంది. ఓలిక్ ఆమ్లం నిదానంగా పాడవుతుంది. లినోలిక్ దానికన్నా సుమారు పది రెట్లు, అవిసెల్లో ఉండే లినోలెనిక్ ఇరవై రెట్లు త్వరగా పాడవుతాయి. పల్లి నూనెలో ఇంచుమించు సగం ఓలిక్, మూడో వంతు లినోలిక్. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో లినోలిక్ 60 శాతం దాకా, కుసుమ నూనెలో 70 శాతానికి పైనే. అందుకే గానుగ కుసుమ నూనెను పల్లి నూనెలా ఆర్నెల్లకు సరిపడా తెచ్చిపెట్టుకోవడం తెలివైన పని కాదు, ఎన్ని ఆకులు వేసినా సరే. అవిసె నూనెకైతే ఫ్రిజ్ తప్ప దారి లేదు. కొబ్బరి నూనెకు ఈ బాధ దాదాపు లేదు.

పల్లి సొంతంగా పండించేవాళ్లకు ఇక్కడ ఒక మంచి దారి ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని పల్లి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. ఆ నూనె తనంతట తానే ఎక్కువ కాలం ఆగుతుంది. విత్తనం మార్చుకోగలిగితే, ఈ కింద చెప్పే చాలా తంటాలు తప్పుతాయి.

ఇక యాంటీఆక్సిడెంట్ అనేది ఫ్యూజు వైరు లాంటిది. నూనె కొవ్వు కాలే బదులు ముందు తను ఖర్చైపోతుంది. అది అయిపోయాక నూనె మామూలుగానే పాడవుతుంది. కాబట్టి తాజా నూనెలో కలిపితేనే లాభం. వాసన మొదలైన నూనెలో ఏ మూలిక వేసినా ఆ వాసనను కప్పడమే తప్ప వెనక్కి తిప్పడం జరగదు.

నువ్వుల నూనె: మన దగ్గరే ఉన్న మందు

నువ్వుల నూనెలో లినోలిక్ 40 శాతానికి పైనే ఉంటుంది. లెక్క ప్రకారం త్వరగా ముక్కిపోవాలి. కానీ వంట నూనెల్లో గట్టిగా నిలబడేవాటిలో అది ఒకటి. కారణం అందులోని సెసమిన్, సెసమోలిన్, సెసమాల్ అనే పదార్థాలు. సెసమోలిన్ వేడికి విరిగి సెసమాల్ అవుతుంది. సెసమాల్ మంచి యాంటీఆక్సిడెంట్. అందుకే నువ్వులను వేయించి తీసిన నూనె, పచ్చి నువ్వుల నూనె కన్నా ఎక్కువ నిలుస్తుంది. వేపుళ్లలో కూడా ఇదే గుణం కొంత అక్కరకొస్తుంది.

జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపు ఎండాకాలం నువ్వుల పంట ఉంది కాబట్టి సరుకు దొరకడం కష్టం కాదు. నాలుగు పాళ్ల పల్లి నూనెకు ఒక పాలు నువ్వుల నూనె కలిపితే పల్లి రుచి పోదు. పొద్దుతిరుగుడు నూనెకు అయితే ఈ తోడు ఇంకా ఎక్కువ అవసరం. వడకట్టే పని లేదు, తేమ భయం లేదు, మోతాదు కాస్త అటూఇటూ అయినా నష్టం లేదు. మూలికలన్నిటికీ ఉన్న మూడు ఇబ్బందులూ దీనికి లేవు, నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం అదే. నువ్వుల వాసన పడనివాళ్లు, నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ఇంటి మట్టుకు కలుపుకోవడం వేరు, కలిపి అమ్మడం వేరు. కలిపిన వంట నూనెలు అమ్మాలంటే అగ్‌మార్క్ ఉండాలి.

రోజ్‌మేరీ: గట్టిదే, కానీ ఏది కొంటున్నారో చూడండి

నూనెలను కాపాడే మూలికల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది రోజ్‌మేరీ. దాని ఆకులో కార్నోసిక్ ఆమ్లం, కార్నోసాల్ ఉంటాయి. రెండూ నూనెలో కరుగుతాయి, వేడికి తొందరగా ఎగిరిపోవు. అదే ఆకులో ఉండే రోజ్‌మరినిక్ ఆమ్లం కూడా మంచిదే కానీ నీళ్లలో కరిగే రకం, నూనెకు పెద్దగా అందదు. యూరప్‌లో రోజ్‌మేరీ సారానికి ఇ-392 అనే సంకేతం ఉంది.

చిక్కు కొనడం దగ్గర వస్తుంది. జుట్టు పెరుగుతుందని ఇప్పుడు ఇంటింటా రోజ్‌మేరీ చిన్న సీసాలు కనిపిస్తున్నాయి. అది ఆకును ఆవిరి పట్టి తీసిన సుగంధ తైలం. అందులో కర్పూరం లాంటి వాసన ద్రవ్యాలే ఉంటాయి. కార్నోసిక్ ఆమ్లం ఆవిరితో పైకి రాదు కాబట్టి ఆ సీసాలోకి చేరదు. దాన్ని పల్లి నూనెలో పోస్తే నూనె ఆగదు సరికదా, కూరంతా తలనూనె వాసన. కావలసింది తినే నూనెల కోసం తయారైన, నూనెలో కరిగే రోజ్‌మేరీ సారం. లేబుల్ మీద కార్నోసిక్ ఆమ్లం శాతం రాసి ఉంటుంది. మోతాదు దాన్ని బట్టే. మామూలుగా కిలో నూనెకు ఒక గ్రాము లోపే సరిపోతుంది. ఇంట్లో అంత చిన్న తూకం వేసే త్రాసు ఉండదు, అందుకే ఇది వంటింటి సరుకు కాదంటాను.

ఎండు రోజ్‌మేరీ ఆకు సంగతి వేరు. నీలగిరుల్లో పండేది సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎండు ఆకును నూనెలో నానబెడితే కొంత సారం దిగుతుంది, కానీ ఎంత దిగిందో చెప్పలేం. పైగా మన పప్పు పోపుకు, పచ్చి పులుసుకు ఆ రుచి అతకదు. సలాడ్లు, పిజ్జాలు చేసుకునే ఇంటికి బాగుంటుంది.

కరివేపాకు: వెన్న కాచే తీరులో చేస్తేనే

వెన్న కాచేటప్పుడు చివర్లో తమలపాకో, కరివేపాకు రెమ్మో వేయడం మన ఇళ్లలో ఉన్నదే. వాసన కోసం అంటారు. దాంట్లో నిల్వ గుణం కూడా ఉంది. కరివేపాకులో కార్బజోల్ జాతి పదార్థాలు ఉంటాయి, అవి నూనెలో కరిగే యాంటీఆక్సిడెంట్లు. అక్కడ చూడాల్సింది ఆకు ఒక్కటే కాదు, చేసే తీరు. వెన్నలో నీళ్లు ఇగిరిపోయే దాకా కాగుతుంది, ఆకు కరకరలాడే దాకా వేగుతుంది, తరువాత వడకట్టేస్తాం. తేమ మిగలదు, ఆకు మిగలదు, సారం మాత్రం నెయ్యిలో ఉంటుంది.

నూనెకూ అదే చేయాలి. ఫోన్‌లో కనిపించే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు: కడిగిన పచ్చి రెమ్మలను అందమైన గాజు సీసాలో నిలబెట్టి, నూనె పోసి, కిటికీ దగ్గర పెట్టడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆకులోని నీళ్లు నూనెలోకి దిగి కొవ్వును విరగ్గొడతాయి, బూజుకు చోటిస్తాయి. ఆకు పచ్చదనం, అంటే క్లోరోఫిల్, నూనెలోకి దిగాక వెలుగు తగిలితే ఆక్సిజన్‌ను చురుకెక్కిస్తుంది. అలా చురుకెక్కిన ఆక్సిజన్ మామూలు ఆక్సిజన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా వేగంగా లినోలిక్ ఆమ్లంతో కలుస్తుంది. నూనెను కాపాడమని వేసిన ఆకే ఎండలో దాన్ని పాడు చేస్తుంది. ఇది కరివేపాకుకే కాదు, తులసికి, మునగాకుకు, పచ్చగా ఉండే ఏ ఆకుకైనా వర్తిస్తుంది. పచ్చని నూనె అయితే చీకటి తప్పనిసరి.

కాబట్టి ఇలా చేయండి. కరివేపాకును కడిగి, నీడన రెండు మూడు రోజులు నలిపితే పొడి అయ్యేలా ఆరనివ్వాలి. ఒక గ్లాసు నూనెను సన్నటి మంట మీద వేడి చేసి, గుప్పెడు ఆకు వేసి, నురగ ఆగే దాకా ఉంచి దించాలి. నురగ ఆగిందంటే నీళ్లు పోయినట్టే. పూర్తిగా చల్లారాక పొడి బట్టలో వడకట్టి, ఆ గ్లాసు నూనెను నాలుగైదు లీటర్ల డబ్బాలో కలపాలి. డబ్బా నూనె మొత్తాన్ని కాచొద్దు. కాచడమే దాన్ని సగం ముసలిదాన్ని చేస్తుంది.

పోపు నూనెగా వాడుకునేవాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది, ఎలాగూ ఆ వాసన కావాలి కదా. తీపి వంటలకు అదే డబ్బా వాడేవాళ్లకు మాత్రం నప్పదు.

ఓమ, లవంగం

ఓమ, అంటే వాములో థైమాల్ ఉంటుంది. లవంగంలో యూజినాల్ ఉంటుంది, తులసిలో కూడా కొంత. రెండూ నూనెలో కరుగుతాయి, రెండూ పనిచేస్తాయి. గింజ, మొగ్గ ఎండినవే కాబట్టి తేమ బెడద లేదు, పచ్చదనం బెడద లేదు. ఆకుల కన్నా వీటిని నేను ఎక్కువ నమ్మేది అందుకే. లీటరుకు ఒక చెంచా ఓమను ఒట్టి మూకుడులో కొంచెం వెచ్చబెట్టి, చల్లారాక పల్చటి గుడ్డలో మూటకట్టి డబ్బాలో వేయొచ్చు. లవంగాలు అయితే లీటరుకు నాలుగైదు చాలు. అంతకు మించితే నూనె బిర్యానీకి తప్ప దేనికీ పనికిరాదు, పులిహోరలో లవంగం వాసన ఎవరికి కావాలి?

వీటి లోపం వేడి దగ్గర బయటపడుతుంది. థైమాల్, యూజినాల్ రెండూ ఎగిరిపోయే రకం. గారెలు వేసే నూనెలోంచి లేచే ఆవిరితో పాటే అవీ పోతాయి. కాబట్టి డబ్బాలో నిల్వకు మేలు, మూకుడులో కాదు.

పిండివంటల్లో మాత్రం ఓమకు ఇంకో చోటు ఉంది. సకినాల పిండిలో ఓమ, నువ్వులు ఎలాగూ వేస్తాం. వేగిన సకినం పీల్చుకున్న నూనె పల్చటి పొరలా పరుచుకుని ఉంటుంది, దానికి నలువైపులా గాలే. డబ్బాలోని నూనె కన్నా సకినంలోని నూనెకు ముక్క వాసన ముందు వస్తుంది. అక్కడ పిండిలోనే ఉన్న ఓమ, నువ్వులు కొంత అడ్డుపడతాయి. పాత నూనెలో వేయించిన సకినాలను మాత్రం అవి కూడా ఆదుకోలేవు.

పేరు గొప్పవి, నూనెకు అక్కరకు రానివి

పసుపు పేరెత్తితే నిజామాబాద్, మెట్‌పల్లి వాళ్లకు కోపం రావచ్చు, కానీ నూనె డబ్బాలో పసుపు వేయొద్దనే నా సలహా. కర్క్యుమిన్ వెలుగుకు తొందరగా పాడవుతుంది, పొడి అడుగున మడ్డిగా కూర్చుని తేమను పట్టి ఉంచుతుంది. తొక్కులో ఉప్పు, పులుపు, కారంతో కలిసి దాని పని అది చేస్తుంది, అక్కడ బాగుంది.

ఉసిరి, గ్రీన్ టీ కూడా అంతే. వాటి గుణాలన్నీ నీళ్లలో కరిగేవి. నూనెలో వేస్తే అడుగున పడి ఉంటాయి.

ఎల్లిపాయ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. పచ్చి ఎల్లిపాయ రెబ్బలను నూనెలో ముంచి బయట నిల్వ పెట్టొద్దు. ఎల్లిపాయ మట్టిలో పెరిగేది, బోటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బును కలిగించే క్రిమి బీజాలు దానికి అంటుకుని ఉండొచ్చు. ఆ క్రిమికి గాలి అందని, పులుపు లేని చోటు కావాలి. నూనె అడుగు సరిగ్గా అదే. విషం తయారైనా వాసన, రంగు మారవు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో వాడిన ఎల్లిపాయ నూనె వల్ల ముప్పై మందికి పైగా జబ్బు పడ్డారు. 1989లో అమెరికాలోని కింగ్‌స్టన్‌లో మళ్లీ అలాగే జరిగాక, పులుపు కలపని ఎల్లిపాయ నూనెలను అక్కడి అధికారులు అమ్మనివ్వడం మానేశారు. మన మామిడికాయ తొక్కులో ఎల్లిపాయ ఉంటుంది కదా అంటే, అందులో మామిడి పులుపు, దండిగా ఉప్పు ఉన్నాయి. ఒట్టి నూనెలో అవి లేవు. ఎల్లిపాయ నూనె కావాలంటే ఏ పూటకు ఆ పూట చేసుకోవాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. తడి ఉన్న పచ్చి ఆకులకూ ఈ భయం కొంత ఉంది.

ప్యాకెట్ నూనెలో ఉన్నదాని మాటేమిటి

రిఫైన్డ్ నూనె ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఐఎన్‌ఎస్ 319 అని చాలాసార్లు ఉంటుంది. అది టీబీహెచ్‌క్యూ అనే కృత్రిమ యాంటీఆక్సిడెంట్. 320 అంటే బీహెచ్‌ఏ, 321 అంటే బీహెచ్‌టీ. కిలో నూనెకు 200 మిల్లీగ్రాముల లోపు అనే పరిమితితో వీటికి అనుమతి ఉంది. కేవలం నిల్వ లెక్కలో చూస్తే, పొద్దుతిరుగుడు లాంటి నూనెల్లో వంటింటి మూలికలు టీబీహెచ్‌క్యూకు సాటి రావు. ఇది ఒప్పుకోవాలి. అలాగని ఆ అంకె చూసి టెన్షన్ పడాల్సిన పనీ లేదు. అది వద్దనుకుంటే మందు లేని నూనెను తక్కువగా, తరచుగా కొనడమే సరైన దారి. అది ఇప్పటికే కలిపి ఉన్న ప్యాకెట్‌లో మళ్లీ లవంగాలు వేయడం దండగ.

మూలికల మీద వచ్చే గొప్ప ఫలితాలు చాలావరకు ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో తీసిన చిక్కటి సారాలవి. మనం నానబెట్టిన గుప్పెడు ఆకుకు ఆ బలం రాదు. ఆకు నూనెకు కొన్ని వారాలు కలిసొస్తే చాలనుకోవాలి.

ఎవరికి ఏది

ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంటికి ఏ మూలికా అక్కర్లేదు. నెలకు సరిపడా నూనె కొని స్టీలు డబ్బాలో పోసుకుంటే సరి. మిగిలిన డబ్బు మంచి పల్లీలు చూసి పట్టించడానికి పెట్టండి. బూజు పట్టిన పల్లీల్లోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం గానుగ నూనెలోకి దిగుతుంది, దానికి ఏ మూలికా విరుగుడు కాదు.

ఇంటి పల్లీలు పట్టించి ఆర్నెల్లు ఉంచుకునే రైతు కుటుంబమైతే, నువ్వుల నూనె ఐదో వంతు కలిపి, పెద్ద డబ్బాను చిన్న స్టీలు డబ్బాల్లోకి నోటి దాకా నింపి, ఒక్కొక్కటే తెరవాలి. సగం ఖాళీగా ఉన్న డబ్బాలో సగం గాలి ఉంటుంది, దాని ముందు ఓమ మూట ఏ మూలకూ చాలదు. రాగి, ఇత్తడి బిందెల్లో నూనె నిల్వ వద్దు.

తొక్కు పెట్టేవాళ్లు పల్లి నూనె వాడినా పైన తేలే నూనె మట్టుకు నువ్వుల నూనె పోస్తే బాగుంటుంది. గాలి తగిలేది ఆ పొరకే. మెంతులు, ఆవాలు ఎలాగూ ఉన్నాయి.

గానుగ నడిపి అమ్మేవాళ్లకు రోజ్‌మేరీ సారం ఆలోచించదగ్గది. కానీ ముందు ఆహార భద్రతా నిబంధనలు చూసుకోవాలి, కలిపింది లేబుల్ మీద రాయాలి, నూనెలో పెరాక్సైడ్లు ఎంత ఉన్నాయో చెప్పే పెరాక్సైడ్ విలువను ల్యాబ్‌లో చూపించుకోవాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం రిఫైన్డ్ నూనెకు అది 10, గానుగ నూనెకు 15 దాటకూడదు. కలిపినదాన్ని, కలపనిదాన్ని పక్కపక్కన పెట్టి రెండు నెలలకోసారి పరీక్ష చేయిస్తే ఆ ఖర్చు గిట్టుతుందో లేదో తేలిపోతుంది.

పండక్కి మూకుడు నిండా నూనె కాచేవాళ్లకు ఏ మూలికా పెద్ద తేడా చూపదు. వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే కాగి కాగి నూనె విరిగి పుట్టేవి, 25 శాతం దాటితే వాడకూడదన్నది మన దేశంలో 2018 నుంచి ఉన్న నిబంధన. ఇంట్లో దాన్ని కొలవలేం. నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, మామూలు మంటకే పొగ లేస్తుంటే పారేయాలి. ఆ మిగులు నూనెను కొత్త డబ్బాలో మాత్రం పోయొద్దు, అందులోని పెరాక్సైడ్లు తాజా నూనెను కూడా వెంట లాక్కుపోతాయి. ఖాళీ అయిన డబ్బాలోనే మళ్లీ నింపుతున్నా అంతే. గోడలకు అంటిన పాత జిడ్డును వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, ఎండలో చుక్క తడి లేకుండా ఆరాకే కొత్త నూనె పోయాలి.